పిల్లి పేరు మీద కడిగిన బండలు

ప్రొద్దుటూరులో మా అత్తగారి ఇంట్లో నడవంతా నల్లటి కడప బండలు పరిచి ఉండేవి. వచ్చినవాళ్ళు "ఎంత నునుపుగా ఉండాయో" అని మెచ్చుకుని పోయేవాళ్ళు. కడిగేది వాళ్ళు కాదు కదా! కాపురానికి వచ్చిన కొత్తలో నాకు నా ముఖం కంటే ఆ బండల ముఖమే బాగా తెలుసు. తెల్లవారి లేవగానే మా మామ మంచం దగ్గర ఒక మడుగు, దాని కంపు, ఆ వెంటనే మా అత్త గొంతు.

"దీని పాడె గట్ట! మళ్ళా పోసి సచ్చిందే ఈ పిల్లి! ఇంత ఇల్లుండాది, దీనికి ఈడ తప్ప యాడా చోటు దొరకదా?"

శనక్కాయల మూటలకు ఎలుకల బెడద ఎక్కువని పెంచిన పిల్లి అది. తిట్లన్నీ విని, మూతి నాక్కుని, ఎండలోకి పోయి పడుకునేది. నేను చీపురు వెతుక్కునేదాన్ని.

కడగడమంటే మాటలా? మా పెరటి బావి ఉప్పునీళ్ళది. దాంతో కడిగితే బండ ఆరాక తెల్లటి పొర తేలేది. మంచినీళ్ళు కావాలంటే పెన్న ఇసుకలో చెలమ తవ్వి తేవాలి, అవి తాగడానికే చాలవు. అందుకని ముందు బూడిద చల్లి, తడి పీల్చాక ఊడ్చి, చాకలామె ఇచ్చిన చౌడుమట్టితో రుద్దేదాన్ని. పైకి శుభ్రంగానే కనిపించేది. ఎండెక్కిందంటే చాలు, బండల సందుల్లోని సున్నంలోంచి కంపు మళ్ళీ లేచేది. కిరసనాయిలు పూయమన్నారు ఒకరు. యుద్ధం రోజులు, దీపానికే దొరకని కిరసనాయిలు బండలకా? పక్కింటామె చింతపండు రుద్దమంది. ఇత్తడి చెంబు మెరవగా లేనిది బండ ఎందుకు మెరవదని నేనూ రుద్దాను. పులుపు తగిలిన చోటల్లా నల్లబండకు బొల్లి వచ్చినట్టు తెల్లమచ్చలు పడ్డాయి. మచ్చలు కనబడకుండా ఆముదం పూస్తే దాని మీద అత్త కాలు జారింది. ఆ తిట్లూ పిల్లికే పోయాయి.

ఎలుకలు మరీ పెచ్చుమీరాయని ఒకనాడు సాయంత్రమే పిల్లిని శనక్కాయల గదిలో వేసి తాళం పెట్టాను. తెల్లవారి తాళం నేనే తీశాను. పిల్లి ఒళ్ళు విరుచుకుంటూ బయటికి వచ్చింది. నడవలో మడుగు అప్పటికే ఉంది.

"అత్తా, పిల్లి గదిలో..." అన్నానో లేదో, ఆమె నా చెయ్యి గట్టిగా గిల్లి కళ్ళతో మంచం వైపు చూపింది. మామ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఒకప్పుడు ఆయన బజారులో నడిచి వస్తుంటే అంగళ్ళవాళ్ళు లేచి నిలబడేవాళ్ళట. ఇప్పుడు ఆయన ఒళ్ళు ఆయన మాట వినడం లేదు. పిల్లి ఒకటి ఇంట్లో ఉన్నంతకాలం ఆ సంగతి ఎవరూ పైకి అననక్కర్లేదు.

నాకు జాలి వేసింది. కోపం మాత్రం తగ్గలేదు. రోజూ కడగడం చాలదని, ఏ పాపం ఎరగని పిల్లిని నోరారా తిడుతూ కడగాలి!

ఇంతలో రాయచోటి నుంచి మా ఆడబిడ్డ భర్త వచ్చాడు. ఎవరూ అడక్కుండానే సాయం చేసే రకం. పొద్దున్నే అత్త తిట్లు విని, "ఇంత బాధ పడతా దీన్నెందుకు పెట్టుకున్నారు? పోతాపోతా గువ్వలచెరువు కనుమలో ఇడిసిపెడతాలే" అన్నాడు.

ఆ రోజుల్లో అత్త అల్లుడికి ఎదురుపడి మాట్లాడేది కాదు. తలుపు వెనక నుంచి నా కొంగు పట్టి లాగింది. "వద్దన్నా, ఎలుకలు శానా ఉండాయి" అన్నాను. "బోను పంపిస్తాలేమ్మా" అని నవ్వాడు. నిజం చెప్పి ఆపుదామంటే, అల్లుడికి తెలియకూడని నిజమే అది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిల్లి గోనెసంచిలో బండెక్కిపోయింది.

మరునాడు మడుగు మామూలే. అత్త నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. గోడ వైపు తిరిగిన మనిషే మాట్లాడారు.

"నా మంచం గొడ్ల కొట్టంలో ఎయ్యండి."

అత్త తల మీదికి కొంగు లాక్కుని వీధిలోకి పోయింది. తోడు లేకుండా ఆమె గడప దాటడం నేనెప్పుడూ చూడలేదు. ఎవరింట్లో అడిగిందో ఏమో, తిరిగి వచ్చేటప్పటికి ఆమె కొంగులో ఒక పిల్లికూన ఉంది. దాన్ని ఆ తడి పక్కన దించి, వీధి దాకా వినబడేటట్టు అందుకుంది.

"చూడండమ్మా, వచ్చి గడియన్నా కాలేదు, అప్పుడే ఏం పని చేసిందో! ఇది దానికంటే ఘటికురాలు!"

మామ మంచం మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ కూన మాత్రం మధ్యాహ్నానికల్లా నిజంగానే మా పరుపు మీద పోసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మెడ పట్టుకుని ఎత్తి, కొట్టబోయాను.

ఏ మాటైనా అత్త చేతే చెప్పించేవారు గానీ మామ నాతో నేరుగా ఎప్పుడూ మాట్లాడినవారు కాదు. ఆ రోజు మంచం మీద నుంచి చెయ్యి చాపారు.

"కొట్టొద్దమ్మా. కావాలని చేసిందా అది?"