రత్నరాజు దిద్దిన మాట

గుడివాడలో మాదో చిన్న న్యూస్ వెబ్‌సైట్. అందులో వార్తలు దిద్దే రత్నరాజుకి మౌస్ ముట్టడం నామోషీ. మౌస్ పట్టుకుని బతికే మేమంతా అతని దృష్టిలో పామరులం. అతను వార్తలు దిద్దడానికి వాడే సాఫ్ట్‌వేర్ పేరు విమ్, అంతా కీబోర్డు మీదే. అందులో అక్షరం నొక్కితే అక్షరం పడదు, ఏదో ఒక పని జరుగుతుంది. సి, ఐ, ఆ పైన కొటేషన్ గుర్తు నొక్కితే గుర్తులు రెండూ ఉన్నచోటే ఉండి, మధ్యలో మాటలు మాయమవుతాయి. అక్కడ మనకి కావలసింది రాసుకోవచ్చు. ఈ విద్యని రోజుకోసారైనా ప్రదర్శిస్తాడు. మేం ముక్కున వేలేసుకోకపోతే అలుగుతాడు.

విద్య మంచిదే. దాన్ని ఎక్కడ వాడకూడదో తెలిసే ఇంగితమే లేదు. వార్తలో ఎవరి మాటైనా ప్రకటనలిచ్చేవాళ్లకి గుచ్చుకుంటుందనిపిస్తే ఆ మూడు కీలూ నొక్కేస్తాడు. మాట్లాడిన మనిషి పేరు అలాగే ఉంటుంది, మాట మాత్రం రత్నరాజుది.

బంటుమిల్లి దగ్గర కౌలుకి వరి వేసే లీలావతి గారు, పక్క రొయ్యల చెరువుల ఉప్పునీళ్లు ఇంకి తన చేను చచ్చిపోయిందని మా విలేకరికి చెప్పారు. ఆ చెరువుల యజమానులు మాకు ప్రకటనలిచ్చేవాళ్లే. చెరువుల మీద ఫిర్యాదు పెట్టిన రైతుల్లో ముందు నిలబడింది ఆవిడే. తీరా వార్త బయటికొచ్చేసరికి, “చెరువులొచ్చాక మా ఊరికి మంచే జరిగింది” అని ఆవిడే అన్నట్టుంది.

ఆ వారంలోనే ఆవిడ ఆఫీసుకొచ్చారు. చెరువులవాళ్లకి అమ్ముడుపోయిందని ఊళ్లో అంటున్నారట. చర్చిలో పక్కన కూడా కూర్చోవడం లేదట. రత్నరాజు నోట క్షమించమన్న మాట రాలేదు. ఇదెంత పని అన్నట్టు కుర్చీ లాక్కుని, ఆ వార్త తెరిచి, టకటకా నొక్కాడు. తెరమీద ఆవిడ పేరు మిగిలింది, పక్కన కొటేషన్ గుర్తులు, మధ్యలో ఖాళీ.

“చెప్పండమ్మా, ఏం పెట్టమంటారు?” అన్నాడు, హోటల్లో ఆర్డరు తీసుకునేవాడిలా.

ఆవిడ ఆ ఖాళీ మీద వేలు పెట్టి చూపించారు.

“నేను చెప్పిందే పెడతావని నమ్మకం లేదు బాబూ. అలా ఖాళీగానే ఉంచు. నేనేమీ అనలేదని మావాళ్లకి చూపించుకుంటాను.”

ఫోన్‌తో ఆ తెరని ఫొటో తీసుకుని, అతనికి దణ్ణం కూడా పెట్టి వెళ్లారు. రత్నరాజుకి మాత్రం ఆ ఖాళీ బోసిగా కనిపించింది. మళ్లీ కీల మీద చెయ్యి వేశాడు. వద్దన్నాను. నిన్ను సలహా అడిగానా అన్నాడు. ఆవిడ మెట్లు దిగేలోపే అక్కడ ఇంకో వాక్యం పడింది. ఈసారి చెరువుల యజమానులకి ఆవిడ చేత ధన్యవాదాలు చెప్పించాడు.