నేను తెరవక్కర్లేని క్లాసు

రాస్తున్నావా? నీకు తెలుగు రాయడం నెమ్మదైతే చెప్పు, నేనే ఆగుతాను. ఇది నువ్వు పుట్టినప్పటి సంగతి.

అప్పుడు నాకు కలకత్తా సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. మీ తాతయ్యది లిలువా రైల్వే వర్క్‌షాపు. రోజూ లోకల్ రైల్లో హౌరా వచ్చి, అక్కణ్ణించి బస్సులో వేలాడుతూ వెళ్ళేదాన్ని. మీ అమ్మ తొలి కాన్పుకి మా క్వార్టర్స్‌కి వచ్చేసింది. నాకు సెలవు కావాలి. మా మేనేజరు, అందరం దాదా అనేవాళ్ళం, ఇవ్వనన్నాడు. కోపంగా కాదు పాపం, టీ తెప్పించి మరీ ఇవ్వనన్నాడు.

"దీదీ, మీరు లేకపోతే మీ క్లాసుని ఎవరు ముట్టుకుంటారు?"

నిజమే. ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ తను చేసేది చెబుతూ ఉండాలి కదా, ఫైలు తెరిచాను, ఫలానా అంకె రాలేదు, ఇక్కడ ఆగిపోయాను అని. ఆ కబుర్లు అందుకుని రాసిపెట్టే క్లాసు నాది. క్లాసంటే బడిలోది కాదు, ప్రోగ్రాంలో ఒక పని చూసుకునే భాగం. మా లైబ్రరీ, అంటే మేం రాసిచ్చే ప్రోగ్రాముల కట్ట, వాడేవాళ్ళందరికీ అదే దిక్కు. ఒకళ్ళకి కబురు తెరమీద కావాలి, ఒకళ్ళకి ఫైల్లో, ఇంకొకళ్ళకి ప్రింటర్లో. ఎవరు కొత్తది అడిగినా నేనే క్లాసు తెరిచి లోపల ఇంకో ముక్క అతికించాలి. ఇది అతికిస్తే పాతదేదో ఊడేది.

ఓరోజు పొద్దున్న మా అత్తగారు వరండాలోంచి ఎప్పట్లాగే "నీళ్ళొచ్చీసేయ్!" అని కేకేసింది. కుళాయి రాగానే అందరికీ చెప్పడం ఆవిడ సరదా. కొత్తగా దిగినావిడ ఎవరో తన తలుపు కొట్టి విడిగా చెప్పమందట. మా అత్తగారికి ఒళ్ళు మండిపోయింది.

"చెప్తే ఏం పోయింది అత్తయ్యా?" అన్నాను.

"ఇంటింటికీ ఎల్లి సెప్పమంటావేటే? ఒకసారి అరిసీసేనా, నా పని అయిపోనాది. నువ్వెల్లు, నీ రైలు ఎల్లిపోతాది."

చెప్పులేసుకుంటూ విన్నాను. ఆ ఒక్క కేకకి బీహారీ వాళ్ళింట్లో డ్రమ్ము జరిగిన చప్పుడు. కింద బెంగాలీ ఆవిడ బట్టలు నానేస్తోంది. ఎదురింటాయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఎవరు ఏం చేస్తారో మా అత్తగారికి పట్టదు. రైల్లో హౌరా దాకా ఇదే ఆలోచన. నా క్లాసు మాత్రం ఇంటింటికీ తిరిగి తలుపులు కొడుతోంది!

ఆ వారమంతా కూర్చుని మార్చేశాను. నా క్లాసు కబురు అందుకుని, అది సమాచారమా, హెచ్చరికా, తప్పా అని ఒక గుర్తు వేసి, వినడానికి వరసలో నిలబడ్డ వాళ్ళందరికీ ఒక్కసారే వినిపిస్తుంది. అంతే. తెరకొక చిన్న క్లాసు, ఫైలుకొకటి, ప్రింటరుకొకటి. ఎలా రాయాలన్నది వాటి ఇష్టం. తప్పులు మాత్రమే వింటాననే వాటికి తప్పులే.

దాదా అంతా చూశాడు. "రేపు ఎవరైనా మనం అనుకోనిది అడిగితే?"

"వాళ్ళే ఓ చిన్న క్లాసు రాసుకుని వరసలో నిలబడతారు. నాది తెరవక్కర్లేదు."

"తెరవాల్సి వస్తే మాత్రం వచ్చేయాలి దీదీ" అని నర్సింగ్ హోమ్ ఫోను నంబరు రాయించుకుని సెలవిచ్చాడు.

నువ్వు పుట్టిన మధ్యాహ్నమే నర్సింగ్ హోమ్ కౌంటర్లో నాకు ఫోనొచ్చిందన్నారు. పరిగెత్తాను. నిన్ను ఇంకా సరిగ్గా ఎత్తుకోనేలేదు.

"దాదా, తెరవాల్సొచ్చిందా?"

"లేదు దీదీ! నేనే ఓ క్లాసు రాశాను. ఆఫీసులో అన్ని తెరలమీదా ఒకేసారి కబురొస్తుంది. మీదాన్ని ముట్టుకోలేదు, ఒట్టు." ఆయన కోడు రాసి ఎన్నేళ్ళయిందో! గొంతులో పరీక్ష పాసైన కుర్రాడి సంబరం. "పంపడానికి కబురే లేదు. మేయే, నా ఛేలే?"

ఆడపిల్లా, మగపిల్లాడా అని.

"ఆడపిల్ల దాదా!"

"సమాచారం అని పంపనా, హెచ్చరిక అని పంపనా?"

నీ ఏడుపు అక్కడిదాకా వినిపిస్తోంది. పక్కన మా అత్తగారు "ఏటంటాడే ఆ బెంగాలీబాబు?" అని నా కొంగు లాగుతోంది.

హెచ్చరికే అన్నాను. నవ్వుతావేం, రాయి.