డెక్ వాచ్ ముల్లు తిప్పినందుకు

1968 వేసవి. తెనాలి స్టేషన్ రోడ్డులో నా వాచీ రిపేరు షాపు. సెలవులో రేపల్లె వచ్చిన ఓడ ఆఫీసరు ఒకాయన చెక్కపెట్టెలోంచి పెద్ద జేబు గడియారం తీసి నా బల్ల మీద పెట్టారు. ముందు బాపట్లలో అడిగి, అక్కడ విప్పనంటేనే నా దగ్గరికి వచ్చారు. ఆ సంగతి నేను మరిచిపోలేదు.

అది డెక్ వాచ్. సముద్రంలో నక్షత్రం ఎత్తును సెక్స్టెంట్‌తో కొలిచే క్షణంలో టైము చూసుకునే గడియారం. అక్షాంశానికి ధ్రువనక్షత్రం ఎత్తు చాలు. రేఖాంశానికి గ్రీనిచ్ టైము సెకన్లతో సహా కావాలి.

శుభ్రం చేసి, నూనె వేసి, వారంపాటు రోజూ పొద్దున రేడియో వార్తల ముందు టైము చెప్పే పిప్ పిప్ చప్పుళ్ళకు, ఆ పిప్పులకు సరిచేశాను. ఆయన వచ్చేసరికి సెకను తేడా లేదు.

"రోజుకెంత ఫాస్టు వెళ్తోందండి?"

"ఫాస్టేంటండి, రోజూ నేనే సరిచేస్తున్నాగా."

ఆయన మొహం మాడిపోయింది. "ముల్లు తిప్పారా? రోజుకెన్ని సెకన్లు తేడానో తెలిస్తే లెక్కలో తీసేసుకుంటాను. తెలియకపోతే నాలుగు సెకన్లకి ఒక మైలు పక్కకి పోతాం. అవతల రాళ్ళుంటే?" షాపులో నలుగురుండగానే ఇంకో మాటన్నారు. "తెనాలి షాపుకివ్వడం నాదే తప్పు."

"ఓడెప్పుడెక్కాలి?"

"పన్నెండు రోజుల్లో."

"పది రోజులుంచండి. ఈసారి ముల్లు ముట్టను."

"ముట్టకుండా ఏం చేస్తారు?"

"చూస్తానండి. అదీ పనే."

రోజూ ఒకే వేళకు కీ ఇచ్చి, పిప్పులకు ఎంత తేడా ఉందో రాసుకున్నాను. మొదటి మూడు రోజులూ తేడా నిలకడగా లేదు. బల్ల మీద మధ్యాహ్నం ఎండ పడుతోందని ఆలస్యంగా గమనించి, గడియారాన్ని పెట్టెతో సహా ఊక పోసిన డబ్బాలో సర్ది బీరువాలోకి మార్చాను. ఆ తర్వాత ఏడు రోజులూ మూడేసి సెకన్లు ఫాస్టు. అదే చీటీ మీద రాసిచ్చాను. ఆయన చీటీ మడిచి పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

మరుసటి వేసవి ఒక మధ్యాహ్నం వచ్చారు. షాపులో నేనొక్కణ్ణే ఉన్నాను.

"వారం రోజులు మబ్బేనండి. ఒక్క సాయంత్రం చుక్కలు కనపడ్డాయి. మీ చీటీ చూసే లెక్క కట్టాను. అనుకున్న వేళకే లైట్‌హౌస్ కనిపించింది."

"ఇప్పుడెవరూ లేరుగా. రేపు పదింటికి రండి, ఆరోజు మీ మాట విన్న నలుగుర్నీ పిలుస్తాను."

"ఇంకా గుర్తుందా అండి?"

"సెకన్లతో సహా."

వచ్చారు. అందరి ముందూ ఆ మాటే చెప్పారు. మొదటివారం ముల్లు తిప్పింది నా తప్పేనని నేనూ ఒప్పుకున్నాను. నలుగురిలో ఒకాయన రాలేదు. ఆదివారం చేబ్రోలు బస్సెక్కి, ఆయనకు నేనే చెప్పి వచ్చాను.

అప్పటినుంచి ఏ వాచీ వచ్చినా ముందు నాలుగు రోజులు ముట్టుకోకుండా చూస్తాను. నేను రోజూ సరిచేసి కప్పెట్టిన తేడా ఆ ఓడను రాళ్ళకు కొట్టేదే. ముట్టుకోకుండా రాసుకున్న తేడా రేవుకు చేర్చింది.