తెలిసినవారి సంతకం

ఆమె పళ్లు చేస్తుంది. దంతవైద్యుల దగ్గర తీసిన నోటి అచ్చులు చిన్న అట్టడబ్బాల్లో వస్తాయి. వాటిలో ప్లాస్టర్ పోసి దవడలు తయారు చేసుకుంటుంది. వాటి మీద మైనంతో చిగుళ్లు కట్టి, ఒక్కో పన్నూ నిలబెడుతుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే పని. మొదటి ఇరవై రెండేళ్లు ల్యాబ్‌లో, మరో అయిదుగురితో కలిసి ఒకే పొడవాటి బల్ల దగ్గర చేసింది. తర్వాత యజమాని యంత్రాలు కొన్నాడు. నోట్లో కెమెరా పెడితే చాలు, పన్ను దానంతటదే చెక్కుకొచ్చే రకం. మిగతావాళ్లు తలో దారి పట్టారు. నోటి నిండా పెట్టే కట్టుడు పళ్ల పూర్తి సెట్లు మాత్రం యంత్రానికి ఇంకా పట్టుబడలేదు కాబట్టి వాటిని ఇంటి దగ్గరే చేసిపెట్టమని ఆమెకు చెప్పాడు.

అప్పటినుంచి ఆమె ముందుగదే ల్యాబ్. మంగళ, శుక్రవారాల్లో పదకొండింటికి కొరియర్ మనిషి బెల్లు కొడతాడు. "మేడమ్, డబ్బా" అంటాడు. ఆమె "ఆఁ" అని, చేసిన డబ్బా ఇచ్చి కొత్తది తీసుకుంటుంది. వారంలో ఆమె గొంతు బయటికొచ్చే సందర్భాల్లో అవి రెండు.

డబ్బాతోపాటు ఒక స్లిప్ వస్తుంది. దాని మీద పేరు ఉండదు. పేషెంటు నంబరు, పన్ను రంగు నంబరు, తేదీ. ఆ తేదీకి వాళ్ల పనిలో ఒకటే అర్థం. సెట్టు డాక్టరు చేతికి చేరాల్సిన రోజు అది. ఎప్పుడు చేశావన్నది ఎవరికీ పట్టదు.

పోయిన ఎన్నికలప్పుడు ల్యాబ్ నుంచి ఊపిరాడని పని వచ్చిపడి, ఆమె ఓటు పోస్టులో పంపింది. పంపాను కదా అని నిశ్చింతగా ఉంది. ఏడు నెలల తర్వాత ఒక అచ్చు ఉత్తరం వచ్చింది. గడువు దాటిన మర్నాడు అందినందున మీ బ్యాలెట్‌ను లెక్కలోకి తీసుకోలేదని రెండు వాక్యాలు. ఎవరు గెలిచారన్నది ఆమెను అంతగా బాధించలేదు. ఏడు నెలలు తాను లెక్కలో ఉన్నాననుకుంటూ తిరిగింది, ఎవరూ చెప్పలేదు. అదే గుచ్చుకుంది. ఆ ఉత్తరాన్ని చించకుండా మైనం పెట్టెలు పెట్టే సొరుగులో, అడుగున పెట్టింది.

ఈసారి ఓటు ఇరవయ్యో తేదీ ఆదివారం. ఆమె కుడి మణికట్టుకి ఆపరేషన్ పద్నాలుగు, సోమవారం. ఏడాదిగా ఆ చేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు కట్టు విప్పరాదన్నాడు డాక్టరు. అంటే ఆ రోజు వరసలో నిలబడినా వేళ్లతో ఏమీ పట్టుకోలేదు, ఎడమచేత్తో సంతకం పెడితే అది ఆమె సంతకంలా ఉండదు. అందుకని నెల ముందే పోస్టల్ బ్యాలెట్ తెప్పించుకుంది. సూచనల కాగితం మూడుసార్లు చదివింది. ఓటు చీటీ లోపలి కవర్లో, ఆ కవరూ ధ్రువపత్రమూ కలిపి బయటి కవర్లో. ధ్రువపత్రం మీద ఓటరు సంతకం, సాక్షి సంతకం, తేదీ. సాక్షి అదే నియోజకవర్గంలో ఓటరై ఉండాలి, కనీసం ఏడాదిగా ఓటరును ఎరిగి ఉండాలి. మొత్తం పద్దెనిమిదో తేదీకల్లా చేరాలి.

సాక్షి కోసం వెతుక్కోవాల్సిన పని అప్పుడు పడలేదు. కింది వాటాలో రిటైరైన డ్రాయింగు మాస్టారు ఉన్నారు. ఆయన పై సెట్టూ కింది సెట్టూ ఆమె చేసినవే. రెండో తేదీ సాయంత్రం ఆయన కళ్లజోడు తుడుచుకుని సంతకం పెట్టి, తేదీ దగ్గర ఆగారు. పద్దెనిమిది వెయ్యండి మాస్టారూ అంది ఆమె. నువ్వు కొలిచిందెప్పుడు తప్పింది తల్లీ అని ఆయన అలాగే వేశారు. తన సంతకం కింద ఆమె అప్పటికే పద్దెనిమిదే వేసుకుంది. చేరాల్సిన రోజు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి కవరు తపాలా పెట్టెలో వేసింది. ఈసారి పదిహేను రోజుల ముందే. తిరిగొచ్చేటప్పుడు ఒళ్లు తేలికగా ఉంది.

తొమ్మిదో తేదీ బుధవారం ఎన్నికల కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ధ్రువపత్రం మీది తేదీ అది మాకు అందిన తేదీ కన్నా తర్వాతిది కాబట్టి చెల్లదు. మీ ఓటు కవరును తెరవకుండా పక్కన ఉంచాము. జతచేసిన కొత్త ధ్రువపత్రం మీద ఓటరు, సాక్షి ఇద్దరూ ఒకేసారి సంతకం చేసి, సంతకం చేసిన రోజు తేదీ వేసి, గడువులోగా అందజేస్తే ఓటు స్వీకరిస్తాము.

చదువుతుండగానే ఆమెకు తన తప్పు అర్థమైంది. అర్థమైన వెంటనే ఎవరితోనైనా చెప్పి నవ్వాలనిపించింది. ల్యాబ్‌లో ఆ పొడవాటి బల్ల దగ్గరైతే అయిదుగురూ పడి పడి నవ్వేవాళ్లు. ఇంకెవరికి చెప్పినా ముందు స్లిప్ అంటే ఏమిటో చెప్పుకు రావాలి.

మాస్టారు రెండు రోజుల కిందటే కూతురి దగ్గరికి వెళ్లిపోయారు, ఆరు నెలలకని. వెళ్లేముందు మెట్ల మీద కనిపించి, కింది సెట్టు కాస్త వదులవుతోందమ్మా, వచ్చాక చూడాలి అన్నారు. ఇప్పుడు ఆయన వాటాకి తాళం.

ఆమె ఎడమచేత్తో కాగితం పట్టుకుని కూర్చుని, ఏడాదిగా తనను ఎరిగినవాళ్లు ఎవరా అని ఆలోచించింది. పైవాటా దంపతులు దిగి నాలుగు నెలలైంది. ల్యాబ్ యజమాని ఓటు వేరే నియోజకవర్గం. అయినా ఫోన్ చేసింది. ఆయన ఆపరేషన్ గురించి అడిగాడు, ఎన్ని వారాలు డబ్బాలు పంపకూడదో రాసుకున్నాడు. వీధి చివర కిరాణా కొట్టతను పదేళ్లుగా ఆమెను చూస్తున్నాడు. గురువారం పొద్దున కాగితం పట్టుకెళ్లింది. అతను గౌరవంగా స్టూలు వేసి, మీరు సంతకం చేసేవాళ్లు గానీ చేయించుకునేవాళ్లా డాక్టరమ్మా అన్నాడు. పదేళ్లుగా ఆమెను దంతవైద్యురాలనుకుంటున్నాడు. కాదని ఆమె చెప్పింది. అతను స్టూలు వెనక్కి తీసుకోలేదు గానీ ముఖంలో ఏదో తేడా వచ్చింది. తర్వాత తేలిందేమిటంటే, అతను ఉండేది వంతెన అవతలి నియోజకవర్గంలో, ఓటూ అక్కడే.

తమ్ముడికి ఫోన్ చేసింది. అతనుండేది రెండు వందల మైళ్ల దూరంలో.

"ఈ ఒక్క ఓటు కోసం ఇంత హైరానా ఎందుకక్కా? నువ్వేమన్నా పోటీ చేస్తున్నావా?" అన్నాడు.

"లేదు."

"మరి వదిలెయ్. సోమవారం ఆసుపత్రికి ఎవరొస్తున్నారు?"

ఆటో మాట్లాడుకున్నానని చెప్పింది. అతను ఆసుపత్రి కాగితాల్లో తన నంబరే రాయమన్నాడు.

మధ్యాహ్నం ఎన్నికల కార్యాలయం సహాయ నంబరుకు చేసింది. మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. సాక్షి నియమం మార్చే అధికారం తమకు లేదంది. "ఏడాది పైగా మీరు తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉంటారు కదండీ" అంది.

"ఉంటారండి" అంది ఆమె, ఫోన్ పెట్టేసింది.

బల్ల మీద కిటికీ వైపు తొమ్మిది ప్లాస్టర్ దవడలు ఆరుతున్నాయి. ఇన్నేళ్లలో ఆమె చేసిన సెట్లు వేలల్లో ఉంటాయి. మాస్టారివి తప్ప ఒక్కటి కూడా ఒక మనిషి నోట్లో కదులుతుండగా చూడలేదు. ఎవరైనా ఎదురుపడి నవ్వితే, ఆ నవ్వులో తన పనిని ఆమె గుర్తుపట్టగలదు. ఎదురుపడిన వాళ్లు ఆమెను గుర్తుపట్టే వీలు లేదు.

శుక్రవారం పదకొండింటికి బెల్లు మోగింది. ఆపరేషన్‌కి ముందు ఇదే చివరి డబ్బా. ఆమె దాన్ని వెంటనే అందించలేదు.

"మీ ఓటు ఎక్కడ?" అని అడిగింది.

కొరియర్ మనిషి నలభై దాటినవాడు. ఆమె నోటినుంచి అంత పొడుగు మాట ఎప్పుడూ వినలేదు కాబట్టి ముందు డబ్బా వైపు చూశాడు. వంతెన ఇవతలే, గుడ్డల మిల్లు వెనకే అన్నాడు. ఆమె కాగితం చూపించి విషయమంతా చెప్పింది. చెప్తున్నప్పుడు గొంతు మధ్యలో రెండుసార్లు బొంగురుపోయింది.

"సాక్షి సంతకమా? కోర్టు గొడవైతే కాదు కదా మేడమ్. నాకు సెలవులు లేవు."

"కోర్టు కాదు. నేను ఏడాది పైనుంచి మీకు తెలుసని రాయాలి."

"ఆరేళ్లు."

"డబ్బా తీసుకోవడం కాదేమో. మనిషి తెలియాలేమో వాళ్ల లెక్కలో." సంతకం వద్దనడానికి దారి ఇస్తున్నట్టుగా అంది ఆమె. "మీకు ఇబ్బందైతే వద్దు."

అతను కాగితం చివరిదాకా చదివాడు. చదివి, ఆమె చేతిలోని డబ్బా వైపు చూపించాడు.

"పోయిన చలికాలం దాకా మీరు టేపు చివర కొంచెం లోపలికి మడిచి అంటించేవాళ్లు. పట్టుకు లాగితే ఒక్క లాగుకి ఊడొచ్చేది. ఆఫీసులో స్కానింగ్ దగ్గర అందరికీ మీ డబ్బా అంటే ఇష్టం. ఈ మధ్య మడవట్లేదు. చెయ్యి బాలేదేమో అనుకున్నా. అడుగుదామనుకుంటూనే ఉన్నా, మీరు తలుపేసేస్తారు."

ఆమె తలుపు ఇంకొంచెం తెరిచి పక్కకు జరిగింది.

ఆరేళ్లలో అతను గడప దాటడం అదే మొదటిసారి. బూట్లు విప్పి లోపలికొచ్చి, దవడల వరస చూసి నిలబడిపోయాడు.

"ఇవన్నీ ఎవరివి మేడమ్?"

"తెలియదు. నంబర్లే వస్తాయి."

"మనకీ అంతే. పిన్‌కోడ్లే" అన్నాడు.

ఆమె ముందు సంతకం పెట్టింది. పెన్ను వేళ్లలో నిలవక, రెండో చేత్తో మణికట్టు పట్టుకుని మెల్లగా పెట్టింది. పదకొండో తేదీ వేసింది. ఆమె పెన్ను అందించబోతే అతను జేబులోంచి తనది తీశాడు. మూత కొరికి కొరికి ఉంది. ఆ గాట్లు చూడగానే అతని పై వరసలో కుడి కోర కాస్త బయటికి తిరిగి ఉంటుందని తెలిసిపోయింది. తలెత్తి చూసింది. తిరిగే ఉంది. ఆరేళ్లలో ఆ కోరను ఒక్కసారీ చూడలేదని కూడా అప్పుడే తెలిసింది.

"తేదీ ఈ రోజుదేగా?"

"ఈ రోజుదే."

"మాకు నిత్యం ఇదే గొడవ. రేపటి తేదీ వేశామా, సూపర్‌వైజర్ ప్రాణం తీస్తాడు."

ఆమె నవ్వింది. చిన్న నవ్వే. స్లిప్ సంగతి చెప్పాలనిపించింది, చెప్పింది కూడా. అతను నవ్వాడు. పెద్ద పెద్ద అక్షరాలతో, బడిలో రాసినట్టు, తన పేరూ ఇంటి నంబరూ వీధీ రాశాడు. బల్లకు ఎదురువైపు కూర్చున్న ఆమె తలకిందులుగా ఉన్న ఆ పేరును చదువుకుంది. ఓటరు పేరున్న గడి దగ్గర అతని వేలు కూడా కాసేపు ఆగింది. ఆరేళ్లుగా ఒకరి పేరొకరికి తెలియదన్న మాట ఇద్దరూ ఎత్తలేదు. కింద ఎవరో హారన్ కొడుతుంటే అతను బండి అడ్డమైందంటూ డబ్బా తీసుకుని మెట్లు దిగాడు. పెన్ను బల్ల మీదే ఉండిపోయింది.

శనివారం ఆమె బస్సెక్కి ఎన్నికల కార్యాలయానికి వెళ్లి, ధ్రువపత్రం కౌంటర్లో ఇచ్చి, రసీదు మీది నంబరు తన కవరు నంబరేనా అని అంకె అంకె సరిచూసుకుంది. సోమవారం ఆపరేషన్ అయింది. పద్దెనిమిదిన ఫోన్‌కి సందేశం వచ్చింది. ధ్రువపత్రం సరిపోయింది, మీ బ్యాలెట్ స్వీకరించాము. ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని రెండుసార్లు చదివింది. ఇరవై రెండో తేదీన వెబ్‌సైటులో ఆమె కవరు నంబరు పక్కన లెక్కించబడింది అని కనిపించింది. ఆమె వార్డులో లెక్కించిన పోస్టల్ ఓట్లు నాలుగు వందల పదమూడు. ఆమె ఓటు వేసిన మనిషి ఓడిపోయాడు. తమ్ముడు చేయి గురించి ఫోన్ చేసినప్పుడు చెప్తే, పోనీలే అన్నాడు.

ఆ ఆరు వారాలూ డబ్బాలు రాలేదు. మంగళ, శుక్రవారాల్లో పదకొండు అయ్యే సరికి ఆమె చూపు తలుపు మీదికి పోయేది. పెన్ను తలుపు పక్క చెప్పుల అర మీద, అతను రాగానే కనిపించేలా పెట్టింది. తుడిచినప్పుడల్లా తీసి మళ్లీ అక్కడే పెట్టేది.

కట్టు విప్పిన వారం, మంగళవారం పదకొండింటికి బెల్లు మోగింది. తలుపు తీసేసరికి నడివయసు ఆవిడ ఒకరు చెమట తుడుచుకుంటూ నిలబడి ఉంది.

"అమ్మా, డబ్బా."

ఆమె అందుకోలేదు. "ఇదివరకు వచ్చేవారు?"

"ఎవరమ్మా? మా దాంట్లో పన్నెండు మంది."

ఆమె అతని పేరు చెప్పింది. ఆ పేరు పైకి అనడం అదే మొదలు.

"ఆయనా? రైలు స్టేషన్ వైపు వేశారు. నెలైంది."

"మీకు కనిపిస్తారా?"

"పొద్దున సార్టింగ్ దగ్గర రోజూ కనిపిస్తాడు. ఏం, ఏమైనా పోయిందా?"

ఆమె చెప్పుల అర మీంచి పెన్ను తీసి ఇచ్చింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, కొరికిన మూత చూసి, అవును ఆయనదే అంటూ నవ్వింది.

"ఓటు లెక్కలోకి వచ్చిందని చెప్పండి."

"ఏ ఓటు?"

"ఆయనకు తెలుసు."

"సరే చెప్తా. ఎవరు చెప్పమన్నారనాలి?"

పళ్లావిడనని చెప్పబోయింది. వీధిలో చాలామంది అనేది అదే. నోటి దాకా వచ్చిన మాట ఆపి, ఇంటిపేరుతో సహా, ధ్రువపత్రం మీద రాసినట్టే తన పేరు చెప్పింది. సరిగా వినబడలేదని ఆవిడ మళ్లీ అడిగితే, మళ్లీ చెప్పింది.

మర్చిపోకుండా ఉండటానికి కాబోలు, ఆవిడ ఆ పేరును పైకే అనుకుంటూ మెట్లు దిగడం కింది మలుపు దాకా వినబడింది.