మావయ్య కాలు మరిచిన బండి

మా మావయ్య మొన్న మంగళవారం పొద్దున పోయాడు. కోటబొమ్మాళి నుంచి శ్రీకాకుళానికి డయాలసిస్‌కి వెళ్తూ, దారిలో, ఆటోలో. అప్పుడు నేను ఎచ్చెర్లలో ఎం.ఏ. పరీక్ష రాస్తున్నాను. ఫోన్ హాలు బయట సంచిలో ఉంది. మూడు గంటల తర్వాత చూసుకున్నాను.

మీలో చాలామందికి ఆయన తెలియదు. కోటబొమ్మాళి దగ్గర హైవే మీద బండి ఆగిపోయినవాళ్లకు తెలుసు. మా అమ్మ తమ్ముడు, కార్ల మెకానిక్. చదువు కోసం నేను వాళ్లింట్లోనే ఉంటున్నాను. బాగుచేసిన బండిని ఇచ్చేముందు బోనెట్‌కి చెవి ఆనించి వినేవాడు. అప్పుడు ఎవరు పలకరించినా పలికేవాడు కాదు.

కిడ్నీలు పాడై కాళ్లు వాచాక ఆయన కారు నడపడం మానేశాడు. వారానికి రెండుసార్లు శ్రీకాకుళం తీసుకెళ్లడం నా పని అయింది. ఇంట్లో ఇంకెవరికీ లైసెన్సు లేదు. కానీ సర్వీసు రోడ్డు నుంచి హైవే ఎక్కేచోట బండికి పికప్ ఉండేది కాదు. ఆక్సిలరేటర్ తొక్కాక ఒక క్షణం ఆలోచించుకుని కదిలేది. ఒకరోజు లారీ మా అద్దం పక్క నుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పోయింది. ఇంటికొచ్చాక మావయ్య ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కారు ముందు కూర్చున్నాడు.

"ఇంజన్‌కి కంప్యూటర్ ఉన్నాది. అది తోలేవాడి కాలుని గుర్తెట్టుకుంటాది. ఇన్నేళ్లూ నా కాలికి అలవాటైపోనాది. దాన్ని మరిపించేద్దాం. నీది నేర్చుకుంటాది."

ఆయన వంగలేడు. చెబుతుంటే నేను చేశాను. పదో నంబరు పానాతో బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాను. అరగంట వదిలేయమన్నాడు. అత్త గుమ్మంలోంచి చూసింది.

"ఉన్న ఒక్క బండీ విప్పేత్తన్నారేటి?"

"వారానికి రెండుసార్లు నీ మొగుణ్ణే విప్పి బిగిత్తన్నారు. బండెంతే!"

తీగ బిగించాక, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పి, ఆక్సిలరేటర్ పెడల్ చివరిదాకా మెల్లగా నొక్కి వదలమన్నాడు. తర్వాత స్టార్ట్ చేసి, ఏసీ వేయకుండా, పెడల్ ముట్టకుండా పది నిమిషాలు. బండిలో గడియారం పన్నెండుకు వెళ్లిపోయింది. ఆయన పెట్టుకున్న రేడియో స్టేషన్లు కూడా పోయాయి. అటు చూసి, మళ్లీ రోడ్డు వైపు చూశాడు.

మర్నాడు బండి తొక్కగానే అందుకుంది. హైవే దగ్గర మాత్రం నేనే ఆగిపోయాను. కాన్వెంటు వరండాల్లో చప్పుడు కాకుండా నడవడం నేర్చినదాన్ని. పెడల్ మీదా అలాగే కాలు వేస్తాను.

"దానికి మరిపించేసినాం. నీ భయానికి ఏ తీగ విప్పాలే గుంటా?" అన్నాడు.

నవ్వొచ్చింది. తొక్కాను. ఎక్కేశాం. ఆ తర్వాత ఐదు నెలలు ఒక్క డయాలసిస్ కూడా తప్పలేదు.

మొన్న మంగళవారం పరీక్ష పడింది. మానేస్తానన్నాను.

"ఒంట్లో నీరు ఎలాగూ మళ్లీ వస్తాది. పరీక్ష రాదు. నాను ఆటోలో పోతాను, నువ్వు నోరుమూసుకుని బస్సెక్కు."

ఎక్కాను. చిన్నప్పటి నుంచీ నేను మాట వినే పిల్లనే. ఈ ఒక్కసారి వినకుండా ఉండాల్సింది.

దహనం అయ్యాక అత్త చెప్పింది.

"ఆటో రమ్మన్న టైముకి రానేదే. నానే తోల్తానని ఆయాసంతోటే కారెక్కి కూకున్నాడు. కాలు సాగనేదు. ఆటో వచ్చినదాకా పావుగంట అలాగే ఉన్నాడు. నీకు ఫోన్ సేత్తానంటే తిట్టాడు."

నిన్న కారు తలుపు తీశాను. తాళం దానికే ఉంది. ఆక్సిలరేటర్ కింద ఆయన చెప్పు, వాచిన పాదం పట్టడానికి పట్టీ కోసేసినది, ఒకటే ఉంది. నేను పొట్టిదాన్నని ముందుకు లాగి ఉంచే సీటు పూర్తిగా వెనక్కి జరిపి ఉంది.

అందులో కూర్చున్నాను. ముందుకు లాక్కోలేదు. నా కాళ్లు పెడల్స్‌కు అందలేదు.