అత్త చేతి పేన్ల దువ్వెన

రాయచోటిలో చుట్టాల గృహప్రవేశానికి పోయి తిరిగొచ్చేసరికి, వెనక తలుపు సందులోంచి దూరి, మా వీధికుక్క మగ్గం గుంతలో పిల్లల్ని పెట్టింది. మేం చీరలు నేసేది గుంటమగ్గం మీద. గట్టున కూర్చుని, గుంతలోకి కాళ్లు వదిలి చెక్కలు తొక్కాలి. పిల్లలు కాస్త పెరిగేదాకా మగ్గం ఆపుదామనుకున్నాం. అవి కళ్లు తెరవగానే మా మామ ఇక ఆగలేక, తల్లినీ పిల్లల్నీ వసారాలో గోనెసంచి మీదికి మార్చి పనికి కూర్చున్నాడు.

కాసేపటికి మగ్గం చప్పుడు తాళం తప్పింది. తొంగిచూస్తే, మామ ఒక కాలితో చెక్క తొక్కుతూ రెండో కాలితో ఆ కాలినే గోక్కుంటున్నాడు. దోమలన్నాడు. పిక్కల నిండా ఎర్రటి దద్దుర్లు. అనుమానమొచ్చి ఒక పిల్లను వెల్లకిలా తిప్పాను. పొట్ట మీద కుక్కపేలు పరుగులు తీస్తున్నాయి. వేలు పెడితే ఎగిరి నా చేతి మీదికే వచ్చాయి.

చేనికి కొట్టే మందు కొంచెం నీళ్లలో కలిపి చల్లుదామన్నాడు మా ఆయన. నాకు ధైర్యం చాలలేదు. పిల్లల్ని గంపలో పెట్టుకుని, తల్లినీ ఆటో ఎక్కించి పశువుల ఆసుపత్రికి పోయాం. చేనిమందు మాట వినగానే డాక్టరు చేతిలో పని ఆపేశాడు.

"ఆ మందు వీటి దగ్గరికే తేవద్దమ్మా. ఇంత చిన్నపిల్లలకు పెద్దకుక్కల షాంపూ గూడా పనికిరాదు. గోరువెచ్చని నీళ్లు, రవ్వంత సబ్బు, సన్నపళ్ల దువ్వెన. అంతే."

ముందు మెడ చుట్టూ నురుగు పట్టించాలని, లేకుంటే పేలు తలకెక్కుతాయని చెప్పాడు. కడగగానే తుడిచి వెచ్చగా ఉంచమన్నాడు. పాలిచ్చే తల్లికి సరిపడే మందు తానే వేశాడు. పడుకునే గుడ్డలు వేడినీళ్లలో ఉతకాలట, గుంత కూడా శుభ్రం చేయాలట.

సన్నపళ్ల దువ్వెన ఇంట్లో ఒకటే ఉంది, మా అత్తది. ఆమెకు కుక్కలంటే గిట్టదు. అడిగితే మొహం తిప్పుకుంది. నేను మామూలు దువ్వెనతో తంటాలు పడుతుంటే చూడలేక తన దువ్వెన తీసుకొచ్చి, పిల్లను లాక్కుని మోకాళ్ల మధ్య పెట్టుకుంది.

"అట్ల గీకితే యాడొస్తాయి? ఇంతమంది ఆడపిల్లల తలలు చూసిన చెయ్యి ఇది. ఈడ చూడు."

కదలొద్దని, తల ఎత్తమని, కూతుళ్లను కసిరినట్టే వాటినీ కసిరింది. చిక్కిన పేనును సబ్బునీళ్లలో ముంచి, చచ్చిందని నమ్మకం కుదిరాకే ఇంకోదాని జోలికి పోయేది. పక్కన మామ తువ్వాలు పట్టుకుని, ఒక్కొక్క పిల్లనూ అందుకుని తుడిచాడు. ఆ పూట నుంచి రోజూ అదే పని. క్రమంగా పేలు పోయాయి, పిల్లలు గుండ్రంగా తయారయ్యాయి.

కొన్నాళ్లకు వేంపల్లె నుంచి ఒకాయన పిల్ల కావాలని వచ్చి, ఏ జాతి అని అడిగాడు. అత్త ఆ మాట పట్టించుకోలేదు. ఇంట్లో ఎవరెవరుంటారు, మధ్యాహ్నం ఇది ఎక్కడ పడుకుంటుంది, ఓపిక ఎవరికెక్కువ అని సంబంధానికొచ్చినవాళ్లను అడిగినట్టు అడిగింది. ఆయన చెమట తుడుచుకుంటూ అన్నిటికీ జవాబిచ్చి, పిల్లను చొక్కాలో పెట్టుకుని పోయాడు. అత్త చాలాసేపు వసారాలోనే కూర్చుంది. మిగిలినవాటిని ఎవరికీ ఇచ్చేది లేదని భోజనాల దగ్గర చెప్పింది.