గుమ్మంలోంచి చూడమన్న మిస్

మా పాపకి జడ వేస్తుంటే ఫోన్ మోగింది. పిల్లల్ని మిస్ దగ్గర వదిలే తల్లిదండ్రులందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో మిస్ తమ్ముడు కబురు పెట్టాడు. అక్క రాత్రి నిద్రలోనే పోయింది, పిల్లల్ని తీసుకురావద్దు అని. దాని కింద ఒకరిద్దరు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆ వెంటనే ఎవరో, మరి సోమవారం నుంచి పిల్లల్ని ఎక్కడ వదలాలి అని అడిగారు. ఆ మనిషి మీద నాకు కోపం రావాలి. రాలేదు, ఎందుకంటే నేనూ ముందు అదే అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాత వచ్చింది. కన్నడ దేశంలో ఫ్యాక్టరీల ఊరు ఈ జిగణి, ఇక్కడ మా బతుకులు అలాంటివి. దుఃఖం కూడా డ్యూటీ చూసుకుని రావాలి.

ఆమెను ఎరగని వాళ్ల కోసం చెబుతాను. మిస్‌ది పక్క ఊరు ఆనేకల్, తాతల కాలం నుంచి అక్కడే స్థిరపడిన తెలుగు నేతవాళ్ల ఇల్లు. బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యాక జిగణిలో తమ్ముడి ఇంటి కింద వాటాలో ఉండేవారు. మా ఆయనది మందుల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు, పగలు నిద్ర. నాది బొమ్మసంద్ర దగ్గర ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం, పొద్దుటి షిఫ్టు. తెల్లవారగానే పాపని ఆమె గేటు దగ్గర వదిలితే, టిఫిన్ పెట్టి స్కూల్ వ్యాను ఎక్కించి, మళ్లీ దింపుకుని, నేను వచ్చేదాకా చూసుకునేవారు. మాలాంటి వాళ్ల పిల్లలు పదిమంది దాకా ఉండేవారు. ఆడపిల్లనీ, మగపిల్లాణ్ణీ, నన్నూ, కూరలమ్మే ఆమెనీ అందర్నీ అప్పా అనే పిలిచేవారు. ఒంగోలు నుంచి వచ్చిన నాకు మొదట్లో నవ్వొచ్చేది.

మిస్ తమ్ముడు పనిచేసిన మెషీన్ల కంపెనీ వాళ్లు ఒక ఏడు విదేశీ క్యాలెండర్ ఇచ్చారట, నెలకొక పెయింటింగ్‌తో. ఏడాది అయిపోయాక మిస్ ఆ కాగితాలు విడదీసి గోడకి అంటించారు. అదీ పెద్దవాళ్ల ఎత్తులో కాదు, ఆరేళ్ల పిల్లల కళ్ల ఎత్తులో. తామరకొలను, గడ్డివాములు, ఎర్రపూల చేను, రైలు స్టేషన్‌లో పొగ. పిల్లల్ని వాటికి ముక్కు తగిలేంత దగ్గర నిలబెట్టి ఏముందని అడిగేవారు. గీతలు మిస్, మరకలు మిస్, ఎవరో పాడుచేశారు మిస్ అని తలా ఒకటి చెప్పేవాళ్లు. అట్లే చూస్తా వెనక్కి నడవండప్పా అనేవారు ఆమె. ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటూ గుమ్మం దాకా వెనక్కి నడిచేవాళ్లు. గుమ్మం దగ్గరికొచ్చేసరికి మరకలు కాస్తా నీళ్లయ్యేవి, పూలయ్యేవి. ఈ సంగతి మా పాప మొదటిసారి ఇంటికొచ్చి చెప్పినప్పుడు నేను సరిగా వినలేదు. నా ధ్యాసంతా కుక్కర్ మీద ఉంది.

ఆ పెయింటింగ్‌లు వేసిన వాళ్లని ఇంప్రెషనిస్టులు అంటారని పాపే నాకు నేర్పింది. ఆ మాట పలకడానికి నాకే రెండు రోజులు పట్టింది. మిస్ చెప్పిన పాఠం మాత్రం చాలా చిన్నది. "ఇండ్లల్లో కూర్చోని గీసేది బేజారై, రంగులు ఎత్తుకోని బయటికి పోయినోళ్లప్పా వీళ్లు. ఎండ ఒకచోట నిలబడదు కదా, అది పోయేలోపల గబగబా వేసినారు." అందుకే నీట్‌గా లేదా మిస్ అని ఒక పిల్ల అడిగిందట. అవును, అందుకే అన్నారట మిస్.

రైలు పొగ చూసి పిల్లలు మన ఫ్యాక్టరీ అన్నారు. ఆమె కాదనలేదు. మేడ మీదికి తీసుకెళ్లి నిజం పొగ చూపించి, ఏం రంగని అడిగారు. నలుపు అన్నారు అందరూ, తలెత్తకుండానే. చూసి చెప్పండప్పా అన్నారు మిస్. పాప ఇంటికొచ్చి పొగ గులాబీ రంగులో ఉందని వాదన పెట్టుకుంది. రోజూ ఆ పొగ మధ్యే పనిచేసే వాళ్ల నాన్న, గులాబీ లేదు గిలాబీ లేదు పడుకో అన్నాడు. ఇంకొకరి పిల్లాడు బడిలో చెట్టు మొదలుకి నీలం రంగు వేసి చీవాట్లు తిన్నాడు. వాళ్లమ్మ మిస్ మీదికి వచ్చింది. బడిలో గోధుమరంగే వేయమని మిస్ పిల్లాడికి చెప్పారు. "మార్కులు కావాల కదా. ఈడ మాత్రం చూసింది వెయ్యి. రెండూ రావాలప్పా, బతకాల."

మమ్మల్నీ వదిలేవారు కాదు. సాయంత్రం పిల్లల కోసం వెళితే, గోడ మీద ఆరోజు పిల్లలు వేసిన బొమ్మ ఒకటైనా గుమ్మంలో నిలబడి చూసి, ఏం కనిపిస్తోందో చెప్పేదాకా స్కూలు బ్యాగు చేతికిచ్చేవారు కాదు. నిద్ర సుఖమెరుగదంటారు. తెల్లారుజామునే లేచి రోజంతా కాళ్ల మీద నిలబడ్డ నర్సు బొమ్మ సొగసు ఏమెరుగుతుంది? బాగుంది మిస్ అనేసి బ్యాగు కోసం చెయ్యి చాపేదాన్ని. బాగుండాదా అని అడగలేదప్పా, ఏం కనిపిస్తాది అని కదా అడిగినాను అనేవారు. లోపల విసుక్కునేదాన్ని. పైకే అందామనుకున్న రోజులూ ఉన్నాయి.

అలాంటి ఒక సాయంత్రం గోడ మీద పాప బొమ్మ ఉంది. మిగతా పిల్లలు వాళ్ల అమ్మల్ని వేశారు. కళ్లు, బొట్టు, చీర అంచు, అన్నీ ఉన్నాయి. మా పాప కాగితం మీద దుమ్ము రంగు రోడ్డు, పక్కన కాస్త ఆకుపచ్చ, రోడ్డు చివర నిలువుగా ఒక తెల్ల మరక. ఇది ఎవరే అన్నాను. నువ్వే అమ్మా అంది. నా యూనిఫాం తెలుపు. అంతకుమించి ఆ మరకలో నేను లేను. కళ్లు లేవు, ముక్కు లేదు. పక్క పిల్లల అమ్మలందరూ గోడ మీంచి నన్నే చూస్తున్నట్టు సిగ్గేసింది. పాపకి నా మొహం కూడా గుర్తు లేదా మిస్ అన్నాను.

మిస్ పాపని నీళ్లు తెమ్మని లోపలికి పంపారు. "గుర్తు లేక కాదప్పా. పాప తెలిసింది గీయలేదు, చూసింది గీసినాది. నువ్వు వదిలిపెట్టి పోతావు కదా, గేటు కాడ నిలబడి ఆ మలుపు దాకా నిన్నే చూస్తా ఉంటాది. అంత దూరానికి మొహం యాడ కనిపిస్తాది?"

రోజూ నిలబడుతుందా అని అడిగాను.

"రోజూ. నువ్వు తిరిగి చూడవు కదప్పా, నీకెట్ల తెలుస్తాది?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. వాన పడుతోందని చెప్పినంత మామూలుగా చెప్పారు. మలుపులో ఆసుపత్రి బస్సు నిమిషం కూడా ఆగదు, అందుకే తల వంచుకుని పరుగెత్తేదాన్ని. సంజాయిషీగా ఆ సంగతే చెప్పబోయాను. మిస్ బ్యాగు తెచ్చి చేతికిచ్చారు.

మర్నాడు మలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాను. గేటు దగ్గర ఇంతే ఇంత నీలం, పాప స్కూలు గౌను. చెయ్యి ఊపాను. ఆ నీలం కూడా ఊగింది. బస్సు డ్రైవరు కన్నడలో ఏదో గొణిగాడు. కొన్నాళ్లకి గోడ మీద మళ్లీ అదే రోడ్డు, అదే తెల్ల మరక కనిపించాయి. ఈసారి మరక పైన, తల ఉండే చోట, ఒక గోధుమరంగు చుక్క ఉంది. నేను గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను. ఏం కనిపిస్తోందని మిస్ ఆరోజు అడగలేదు.

పిల్లలకి బొమ్మలు నేర్పిందని అందరూ ఆమెను మెచ్చుకుంటున్నారు. నిజమే. నా బిడ్డ కంటికి నేను ఎలా ఉన్నానో నాకు చెప్పిన మనిషి మాత్రం ఆమె ఒక్కతే. ఆ రుణం నాకు మిగిలిపోయింది. ఇప్పుడు పిల్లలు తలో దిక్కయ్యారు. మా పాపని ఒక డేకేర్‌లో వేశాం. అక్కడ ఏసీ ఉంది, కెమెరాలున్నాయి, బ్యాగు అడగ్గానే ఇచ్చేస్తారు.

మిస్ పోయిన రోజు నా డ్యూటీ మధ్యాహ్నానికి మార్పించుకుని పాపని తీసుకెళ్లాను. యూనిఫాముల్లోనే వచ్చిన తల్లిదండ్రులు కొందరు వాకిట్లో నిలబడ్డారు. అంత్యక్రియలకి ఆనేకల్ తీసుకెళ్లే వ్యాను బయల్దేరింది. పాప గేటు పట్టుకుని అది మలుపు తిరిగేదాకా చూసింది. పద, నిన్ను నాన్న దగ్గర దింపి డ్యూటీకి పోవాలి అన్నాను. కదల్లేదు. ఏడవనూ లేదు. వెనక్కి తిరిగి, కూర్చోమ్మా అంది. గేటు పక్క మెట్టు మీద కూర్చున్నాను. నా గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పింది. అంత దగ్గర్నుంచి, అంతసేపు నన్నెవరూ చూసి ఎన్నేళ్లయిందో.

"నీ కళ్ల కింద ఊదా రంగు ఉందమ్మా" అంది. "రోజూ ఉంటుందా?"

ఉంటుందని చెప్పాను.

మలుపులో మధ్యాహ్నం షిఫ్టు వాళ్ల ఆసుపత్రి బస్సు హారన్ కొట్టింది. లేవబోతే కదలకమ్మా అంది. ఇంకా చూడటం అయిపోలేదు దానికి. బస్సు ఇంకోసారి హారన్ కొట్టి వెళ్లిపోయింది. నేను కదల్లేదు.